2025 వినోదం లెక్క: డెల్టాలో ఏది గిట్టుబాటైంది, ఏది కాలేదు

గోదావరి డెల్టాలో వినోదం ఖరీదు టికెట్టు చూస్తే తెలియదు. ఏ నెలలో వెళ్లారు, ఏ వరసలో కూర్చున్నారు, ఆ పూట కరెంటు ఎలా ఉంది అన్నవే అసలు లెక్క. పాపికొండల బోటు నవంబరు చివర ఎక్కితే పైసా వసూలు, మే నెలలో ఎక్కితే ఎండదెబ్బ. అదే సినిమాకి బాల్కనీ రెండో వరసలో ఒక శబ్దం, బాల్కనీ కింద వెనక కుర్చీలో ఇంకో శబ్దం, డబ్బు మాత్రం దాదాపు ఒకటే. పైగా ఈ ఏడాది వరదలు వచ్చి వెళ్లాక అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. దాంతో కోనసీమలో, పశ్చిమ డెల్టాలో కరెంటు, కేబుల్ ఏ ఇంట్లో ఎంత గట్టిగా ఉన్నాయో తేలిపోయింది. థియేటరు, బోటు, తీర్థాలు (జాతరలు), ఇంట్లో టీవీ వరసగా చూద్దాం.

థియేటర్లు

భీమవరం, తణుకు, అమలాపురం, రాజమండ్రి, కాకినాడ ఎక్కడైనా సరే, ముందు అడగాల్సింది అట్మాస్ (పైకప్పులోనూ స్పీకర్లుండే శబ్ద పద్ధతి) ఉందా అని కాదు, ప్రొజెక్టరులో ఉన్నది జినాన్ లాంపా, లేజరా అని. జినాన్ లాంపుకి గంటల లెక్కన ఆయుష్షు ఉంటుంది. ఆ గంటలు దాటినా వెలుగుతూనే ఉంటుంది, కాకపోతే రోజురోజుకీ డల్ అవుతుంది. కొత్త లాంపు ఖరీదు కాబట్టి మామూలు వారాల్లో పాతదాన్నే లాగించి, పెద్ద సినిమా వచ్చే ముందు మార్చే హాళ్లు తక్కువేం కాదు. తెర మీద ఉండాల్సిన వెలుగుకి 14 ఫుట్‌లాంబర్టులని ప్రమాణం ఉంది. మీటరు లేకుండా కనిపెట్టాలంటే సినిమాకి ముందు వచ్చే ప్రకటనల్లో తెల్లటి ఫ్రేము చూడండి. తెలుపు పసుపుగా ఉన్నా, మధ్యకంటే మూలలు బాగా మసగ్గా ఉన్నా లాంపు చివరి దశలో ఉండొచ్చు. అలాంటి చోట రాత్రి సీన్లు ఎక్కువున్న సినిమా చూడొద్దు, మొహాలు బూడిద రంగులో కనిపిస్తాయి. త్రీడీ అసలే వద్దు, కళ్లజోడు ఉన్న వెలుతుర్లో సగానికి పైగా తినేస్తుంది.

ఇక కరెంటు పోయినప్పటి సంగతి. సినిమా ఫైలు ఉండే సర్వర్‌కి యూపీఎస్ లేకపోతే ఏ ప్రొజెక్టరైనా ఒకటే, సర్వర్ మళ్లీ లేచి ఆగిన చోటు వెతుక్కునేసరికి హాలంతా ఈలలు. జనరేటరు ఉందని బోర్డు మీద రాసినా చాలా హాళ్లలో దాని మీద నడిచేది తెర, శబ్దం, నాలుగు ఫ్యాన్లే. ఏసీ నడవదు. ఏప్రిల్, మే నెలల్లో డెల్టా ఉక్కకి ఇది చిన్న విషయం కాదు. ఇంటర్వెల్ తరవాత ఏసీ నెమ్మదిగా తగ్గించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. మధ్యాహ్నం మ్యాట్నీకి జనం పల్చగా ఉన్న రోజునే ఎక్కువ జరుగుతుంది. నిండిన హాల్లో ఆ ధైర్యం చెయ్యరు.

సీటు సంగతి. సినిమా హాల్లో శబ్దం సరిచేసేటప్పుడు మైకులు పెట్టేది తెర నుంచి వెనక గోడకి మూడింట రెండు వంతుల దూరంలో, మధ్యగా. కాబట్టి ఆ చుట్టుపక్కల నాలుగైదు వరసలే అసలు సీట్లు. బాల్కనీ ఉన్న పాత హాళ్లలో ఈ లెక్క మారుతుంది. బాల్కనీ చూరు కిందకి వచ్చే వెనక కుర్చీలకి పై స్పీకర్లు వినిపించవు, పక్క స్పీకర్లు మాత్రం చెవి పక్కనే మోగుతాయి. పాటలో బ్యాక్‌గ్రౌండ్ కోరస్ హీరో గొంతుని మింగేస్తుంది. బాల్కనీలో రెండు, మూడు వరసల మధ్య సీట్లు చూసుకోండి. మొదటి వరస పిల్లలకి పనికిరాదు, ఇనప రెయిలింగు తెర అడుగు భాగాన్ని కోసేస్తుంది, సబ్‌టైటిల్స్ ఉంటే మరీను.

మాటలు అర్థం కావడం లేదని ఈ ఏడాది చాలామంది అన్నారు. తప్పు ఎప్పుడూ సినిమాదే కాదు. తెర గుడ్డకి సన్నటి చిల్లులుంటాయి, సంభాషణ పలికే స్పీకరు దాని వెనకే ఉంటుంది. ఏళ్ల తరబడి తెర శుభ్రం చెయ్యకపోతే చిల్లుల్లో దుమ్ము చేరి స, శ, చ లాంటి పదునైన ధ్వనులు మొద్దుబారతాయి. మా ప్రాంతంలో దుమ్ముకి తోడు తేమ, అది తెరకి పట్టుకుంటే ఊడదు. ఇంకో కారణం వాల్యూము. సౌండ్ ప్రాసెసర్ మీద ప్రమాణం 7. చాలా హాళ్లు 5 చుట్టూ నడుపుతాయి, ఎందుకంటే ఫైట్లు 7 మీద పెడితే ముసలాళ్లు లేచి బయటికి వస్తారు. ఫైటు తగ్గించబోతే మాట కూడా తగ్గుతుంది. ఆపరేటరు శ్రద్ధగలవాడైతే సీనుని బట్టి కొంచెం అటూ ఇటూ తిప్పుతాడు. అలాంటి ఆపరేటరున్న హాలు మీ ఊళ్లో ఏదో కనుక్కుని అక్కడికే వెళ్లండి, పైన ఎన్ని స్పీకర్లున్నాయన్నది తరవాతి మాట.

తొలిరోజు తెల్లవారుజాము షోల గురించి ఒక్క మాట. సినిమా ముందురోజే సర్వర్‌లోకి ఎక్కినా, కేడీఎం అనే కీ రానిదే తెరుచుకోదు. ఆ కీ ఫలానా హాల్లోని ఫలానా సర్వర్‌కి, ఫలానా సమయానికి మాత్రమే పనిచేస్తుంది. పంపిణీ లెక్కలు తేలక కీ ఆలస్యమైతే మేనేజరు చేతిలో ఏమీ ఉండదు, జనం మాత్రం అతన్నే అడుగుతారు. ఈలలూ, కాగితాలూ కావాలనుకుంటే బెనిఫిట్ షోకి వెళ్లండి. సినిమా కావాలంటే అదే రోజు మ్యాట్నీకి వెళ్లండి.

ధరలు చూస్తే, ఆంధ్రాలో 2022 మార్చి జీవో ప్రకారం మల్టీప్లెక్సులో మామూలు సీటు 150, రిక్లైనరు 250, పైన జీఎస్టీ. పెద్ద బడ్జెట్ సినిమాలకి మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో పెరుగుతుంది, సంక్రాంతికి అది ఆనవాయితీ అయిపోయింది. ఈ ఏడాది సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. వంద దాటితే 18 అలాగే ఉంది. అంటే లాభం మన ఊరి సింగిల్ స్క్రీనుకే, మల్టీప్లెక్సుకి కాదు. ఆన్‌లైన్‌లో కొంటే సీటుకింత అని సర్వీసు చార్జీ వేస్తారు కాబట్టి, రెండో వారం తరవాత నలుగురు వెళ్లేటప్పుడు కౌంటర్లో కొనడమే నయం. రెండో ఆట వదిలేసేసరికి పన్నెండున్నర దాటుతుంది. లంక గ్రామాల వైపు ఆ వేళ బస్సులుండవు, ఆటో వాడు అడిగింది ఇవ్వాల్సిందే. ఆ ఆటో కిరాయి కలిపి చూసుకుంటే మొదటి ఆట రిక్లైనరే చవక.

పాపికొండల బోటు

ఈ ఏడాది పెట్టిన డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ ఇచ్చింది ఇదే, నెల చూసుకున్నవాళ్లకి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు, వరద ఎక్కువైతే బోట్లు కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పేపర్లో మొదటి హెచ్చరిక అన్న మాట కనపడిందంటే ఆ వారం బోటు మీద ఆశ పెట్టుకోవద్దు. వరద తగ్గిన వెంటనే ఎగబడినా లాభం లేదు, నీరు ఇంకా మట్టిరంగులోనే ఉంటుంది, గట్లంతా బురద. దీపావళి దాటాక నీళ్లు తేరుకుంటాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. డిసెంబరులో ఉదయం మంచు పట్టి కొండలు ఆలస్యంగా కనపడతాయి, అదీ ఒక అందమే కానీ ఫొటోలకి పనికిరాదు.

రాజమండ్రి నుంచి బస్సులోనో కారులోనో గండిపోశమ్మ గుడి దగ్గరికి చేరి అక్కడ బోటు ఎక్కడం వాడుక. టిఫిను, భోజనం టికెట్టులోనే కలిపి ఉంటాయి. బుక్ చేసేటప్పుడు రాజమండ్రి నుంచి రానుపోను బండి కలిపి చెప్పారా, బోటు మాత్రమే చెప్పారా అడగండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. రెండోది, పేరంటాలపల్లి దగ్గర ఎంతసేపు ఆపుతారో అడగండి. గుడి చూసి, వాగు నీళ్లలో కాళ్లు తడుపుకోవడానికి గంట కావాలి. కొందరు అరగంటకే హారను కొడతారు.

ఎక్కడ కూర్చోవాలి? వెళ్లేటప్పుడు బోటు దాదాపు వాయవ్యం వైపు ఎగువకి పోతుంది, పొద్దుటి ఎండ వెనక నుంచి కుడి పక్కకి కొడుతుంది. తిరుగు ప్రయాణంలో మొహం ఆగ్నేయానికి, సాయంత్రం ఎండ పడమటి నుంచి మళ్లీ కుడి పక్కకే. నది మలుపుల్లో అటూ ఇటూ అయినా, మొత్తం మీద రెండు సార్లూ నీడ ఎడమ పక్కనే. పై డెక్కులో మైకు పెట్టి డాన్సులు చేయిస్తారు, స్పీకరు దగ్గర కూర్చుంటే నది చప్పుడు వినపడే ప్రశ్నే లేదు. ముసలివాళ్లతో వెళితే కింది డెక్కు ముందు భాగం మేలు, ఇంజను వెనక ఉంటుంది కాబట్టి పొగ, చప్పుడు తక్కువ.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగాక కొన్నాళ్లు బోట్లే ఆపేశారు, ఆ తరవాత తనిఖీలు గట్టిపడ్డాయి. ఇప్పుడు జాకెట్ అందరికీ ఇస్తారు. ఇవ్వడం వేరు, సరిపోవడం వేరు. బకిల్సు పెట్టి, పట్టీలు లాగి, భుజాల దగ్గర రెండు చేతులతో పైకి లేపి చూడండి. చెవుల దాకా వచ్చేస్తే అది వదులు, నీళ్లలో మీరు కిందకి జారిపోతారు, జాకెట్ పైన తేలుతుంది. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ కడితే జరిగేది అదే. పిల్లల సైజు లేదంటే ఆ బోటు ఎక్కకండి. కొండలు దగ్గరపడే చోట అందరూ ఒకే పక్కకి ఫొటోలకి పరిగెడతారు, బోటు ఒరుగుతుంది. గైడు కూర్చోమని అరిచేది సరదాకి కాదు.

భోజనం సంగతి ఏ మాటకామాట చెప్పాలి. ఎక్కించిన అన్నం మధ్యాహ్నానికి చల్లారిపోతుంది, సాంబారు మాత్రం గట్టిగా ఉంటుంది. గట్టున అమ్మే బొంగు చికెన్ కొనేటప్పుడు మీ కళ్లముందు నిప్పుల మీంచి తీసిన బొంగే తీసుకోండి. పచ్చి వెదురైతేనే లోపలి తేమతో ముక్క ఉడుకుతుంది. బొంగు బయట అంతా నల్లబడి ఉండాలి, ఆకుపచ్చ మచ్చలు మిగిలితే లోపల ఎముక దగ్గర పచ్చి.

నీళ్ల మీదే ఇంకాస్త తిరగాలనుకుంటే కాకినాడ దగ్గర చొల్లంగి నుంచి కోరంగి మడ అడవి ఉంది. చెక్కల దారి మీద నడకకి ఎప్పుడైనా వెళ్లొచ్చు, బోటు మాత్రం పోటు (సముద్రపు నీరు ఎక్కడం) మీద ఆధారపడుతుంది. నీరు తీసే పాటు వేళ కాలువలో నీళ్లుండవు. తమాషా ఏంటంటే బురదలో గెంతే చేపలు, ఎర్రపీతలు కనపడేది ఆ పాటు వేళే. కాబట్టి నడకా, బోటూ రెండూ కావాలంటే నీరు ఎక్కడం మొదలుపెట్టే వేళకి వెళ్లాలి. టికెట్టు కౌంటర్లో ఆ రోజు పోటు ఎప్పుడో అడిగితే చెబుతారు. దోమల మందు రాసుకోకుండా అడుగు పెట్టొద్దు. దిండిలో హౌస్‌బోటు ఫొటోల్లో బాగుంటుంది, రాత్రి లంగరు వేసి ఉంచుతారు కాబట్టి ఒడ్డునే గది తీసుకున్నా దృశ్యం అదే.

తీర్థాలు, నాటకాలు

టికెట్టు లేని వినోదానికి జగ్గన్నతోటను మించింది లేదు. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు కొబ్బరితోటలోకి పదకొండు ఊళ్ల శివుళ్లు జనం మోసుకొచ్చే వెదురు ప్రభల మీద వస్తారు. ఆ తోటలో గుడి లేదు, ఆ ఒక్క పూటే అది తీర్థం. 2023 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్ర శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. ఆ తరవాత నుంచి జనం ఇంకా పెరిగారు.

చాలామంది నేరుగా తోటకి వెళ్లి, నిలబెట్టిన ప్రభల ముందు సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు. అసలు చూడాల్సింది గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటే చోటు. వెదురు గడలకి కొత్త బట్టలు, నెమలిపింఛాలు, గంటలు కట్టిన ప్రభ గాలికి తెరచాపలా లాగుతుంది. మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో కాళ్లకి పట్టు దొరక్కపోయినా 'అశ్శరభ శరభ' అంటూ ఒరగకుండా గట్టెక్కిస్తారు. నాలుగు వైపులా తాళ్లు పట్టుకున్న మనుషుల చేతులు చూడండి, ఒక తాడు వదిలితే ఇంకొకటి బిగిస్తారు, పనితనమంతా అందులో ఉంది. గట్టు మీద చోటు కావాలంటే భోజనాల వేళకి ముందే చేరాలి. ప్రభలు వరిచేల మీంచి పోతాయి, రైతు ఏమీ అనడు, శుభమనుకుంటాడు. మీరు మాత్రం బండిని చేలో దింపకండి. కారు దూరంగా ఆపి పుంతల్లో (పొలాల మధ్య బండి దారుల్లో) నడవడానికి సిద్ధపడి వెళ్లండి. మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్లు కలవవు, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. జీళ్లు, ఖర్జూరం తోట బయట కొంటే దుమ్ము తక్కువ.

అంతర్వేది కల్యాణానికి, భీష్మ ఏకాదశి రథానికి జనం ఇంకా ఎక్కువ. ఈ ఏడాది రథం ఫిబ్రవరి 8న జరిగింది. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (పెద్ద పడవ) మీద దాటడంలో సరదా ఉంది, తిరిగొచ్చేటప్పుడు మాత్రం రేవులో క్యూ ప్రాణం తీస్తుంది. కారు ఉన్నవాళ్లు చించినాడ వంతెన మీంచి తిరిగి రావడమే మేలు, దూరం ఎక్కువైనా పంటు కోసం ఎదురుచూడక్కర్లేదు.

పద్య నాటకాలు ఇంకా బతికే ఉన్నాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది యండగండి, ఇంకొకరిది కడియం, రాయబారం పద్యాలు ఈ నేల సొంతం. అందుకే ఇక్కడి జనం పద్యం తప్పు పోతే పట్టేస్తారు. ఇప్పటి ఇబ్బంది నటులతో కాదు, మైకువాళ్లతో. ఎకో పెంచేసరికి రాగం చివర ఒక మాట మీద ఇంకో మాట ఎక్కి పద్యం ముద్దవుతుంది. స్టేజీకి హార్మోనియం ఉన్న పక్కన, ముందు వరసల్లో కూర్చుంటే గొంతు నేరుగా వినపడుతుంది, స్పీకరు దెబ్బ తగ్గుతుంది.

ఇంట్లో తెర

పెద్ద సినిమా థియేటరు నుంచి ఓటీటీకి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చేస్తోంది. అన్ని యాప్‌లకీ ఏడాది చందా కట్టడం దండగ. మీరు చూడాలనుకున్న నాలుగు సినిమాలు ఒకే యాప్‌లో చేరేదాకా ఆగి, నెల చందా కట్టి, ఆటోపే అదే రోజు ఆపేయండి. నెల పూర్తయ్యేదాకా పనిచేస్తూనే ఉంటుంది.

ఫైబరు ఎంత స్పీడు కావాలి? హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 నుంచి 25 చాలు. ఇంట్లో మూడు తెరలున్నా 100 ఎంబీపీఎస్ దాటి కొనడం అనవసరం. ఆగి ఆగి వస్తోందంటే తప్పు స్పీడుది కాదు, వైఫైది. రూటరు హాల్లో, టీవీ పడగ్గదిలో, మధ్యలో మందపాటి గోడ ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై సరిగా అందదు. రూటరు నుంచి టీవీకి లాన్ వైరు లాగించండి, మీటర్ల లెక్కన చాలా చవక. మొబైల్ డేటాతో సరిపెడదామంటే, హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా తింటుంది, రోజుకి 2 జీబీ ప్యాకుతో ఇంటర్వెల్ దాకా కూడా రాదు.

కోనసీమలో ఫైబరుకి శత్రువు కొబ్బరి మట్ట. స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరు చెట్ల కింద నుంచి లాగితే, గాలివాన అక్కర్లేదు, ఎండు మట్ట ఒకటి పడినా తెగుతుంది. మొంథా తరవాత ముందు కలిసినవి రోడ్డు వెంబడి వైరున్న ఇళ్లే. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడే వైరు తోటలోంచి కాకుండా దారి వెంబడి తెమ్మనండి, అదనపు మీటర్లకి డబ్బిచ్చినా నష్టం లేదు. ఇంటి మూలల దగ్గర వైరుని బిగించి మడవనివ్వకండి, వెలుతురు అక్కడే కారిపోతుంది. టెక్నీషియన్ వచ్చినప్పుడు పవర్ మీటరు (వైరులో వెలుతురు బలం కొలిచేది) రీడింగు చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరైతే ఈ రోజు పనిచేసినా వానాకాలంలో ఎల్‌ఓఎస్ ఎర్ర లైటు (సిగ్నలు అందట్లేదని గుర్తు) ఖాయం. డీటీహెచ్ వాళ్లకి వేరే బాధ. డిష్‌కి వచ్చే కేయూ బ్యాండు సిగ్నలు కుండపోతలో పడిపోవడం సహజం, దానికి మందు లేదు. చినుకులకే పోతోందంటే మాత్రం డిష్ కదిలింది, లేదా డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ కనెక్టరులో తుప్పు చేరింది. తీరానికి దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి అది తరచూ జరుగుతుంది.

కరెంటు పోయినా రూటరు నడవాలంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు. 8,800 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది లోపలి 3.7 వోల్టుల సెల్స్ లెక్క, అంటే సుమారు 32 వాట్ అవర్లు. వోల్టేజి మార్పిడిలో పోయేది తీసేస్తే పది వాట్ల రూటరుకి రెండున్నర గంటలొస్తుంది, డబ్బా మీద ఎనిమిది గంటలని రాసినా నమ్మకండి. ఇంటి ఇన్వర్టరుకి 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే 43 అంగుళాల టీవీ, రెండు ఫ్యాన్లు, లైట్లతో నాలుగైదు గంటలు నడుస్తుంది.

చివరికి స్టెబిలైజరు. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు రాత్రిళ్లు తిరిగేటప్పుడు వోల్టేజి పడిపోతుంది, షాపువాడు అదే చూపించి స్టెబిలైజరు అంటగడతాడు. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీలు 100 నుంచి 240 వోల్టుల దాకా వాటంతట అవే సర్దుకుంటాయి. వెనక స్టిక్కరు మీద రాసి ఉంటుంది, చదివి కొనండి. టీవీని చంపేది తక్కువ వోల్టేజి కాదు, గాలికి న్యూట్రల్ తీగ తెగినప్పుడు ఇంట్లోకి దూసుకొచ్చే నాలుగు వందల వోల్టులు. దానికి కావాల్సింది మెయిన్ బోర్డులో 270 దగ్గర పడిపోయే ఓవర్ వోల్టేజి కటాఫ్. స్టెబిలైజరుకి పెట్టే డబ్బు దానికి పెట్టండి. తుపాను తరవాత కరెంటు ఇచ్చిన మొదటి పావుగంట టీవీ ప్లగ్గు పీకే ఉంచండి. లైన్‌మ్యాన్ ఫేజులు సరిచూసుకుంటూ రెండు మూడుసార్లు తీసి వేసేది అప్పుడే.